మొర్రి మొక్కకు మూడో ఎండాకాలం

మా పెరడు చూసినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: "కూలోళ్లు దొరుకుతలేరా మేడం?" కంప పెరిగిపోయిందనీ, పీకించుకోలేక వదిలేశాననీ వాళ్ల జాలి. మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. ఇది కంప కాదు, ఈ అడవిలో పుట్టిన మొక్కలే, కావాలనే పెంచుతున్నానని. ఇప్పుడు "అవ్, దొరుకుతలేరు" అనేసి తలుపు వేసుకుంటున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పీ చెప్పీ నా ఓపిక ఆ బడిలోనే అయిపోయింది.

భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక అక్కడే చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయాను. ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. అందులో ఈ నేల మొక్కలు మాత్రమే ఉండాలని పంతం పట్టాను. పంతం పట్టడం తేలికే, ఏది ఈ నేలదో తేల్చడం దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. నర్సరీకి వెళ్తే అక్కడి మనిషి పరాయి దేశపు కోనోకార్పస్ మొక్క చేతిలో పెట్టి, "గిది మనదే మేడం, యాడ జూసినా గిదే ఉంది గదా" అన్నాడు. పుస్తకాలు తిరగేస్తే చింతచెట్టు కూడా ఎప్పుడో ఎక్కడినుంచో వచ్చిందేనని రాసి ఉంది. మిరప మనది కాదంటే సరే అనుకున్నాను. చింత కూడా కాదంటే ఇంక నేను పప్పులో ఏం వేసుకోవాలి? చిరాకెత్తి ఆ పుస్తకాలను అటకెక్కించాను.

చివరికి నా కొలత నేనే పెట్టుకున్నాను. పక్కింటి అవ్వకు పేరూ పనీ తెలిసిన మొక్క ఉంటుంది, తెలియనిది పోతుంది. అంతే. అవ్వ కోయ మనిషి. ఇంట్లో కోయ మాట్లాడుతుంది, నాతో తెలుగు. ఏడాదికి కొన్నాళ్లు పొలం కూలి, కొన్నాళ్లు ఇప్పపువ్వు ఏరడం, వేసవిలో బీడీలకు పోయే తునికాకు కోయడం, అలాగే ఎనభయ్యో పడికి దగ్గరైంది. పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని మా పెరట్లో తిరిగేది, పరీక్ష పేపర్లు దిద్దినట్టు.

"గిది పాలకొడిశ, ఉండనీ. గిది తంగేడు, ఉండనీ. గిదేంది? గిది మాది కాదు, పీకెయ్."

"అట్లయితే నేను కూడా మీదాన్ని కాదు కదవ్వా, తిరుమలాయపాలెం దాన్ని. నన్నూ పీకేస్తావా?" అన్నాను ఒకసారి.

"పీకేదాన్నే. జర ముదిరినవ్, నా నడుము ఆగది" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మొర్రి మొక్క గురించి అడిగింది కూడా అలాంటి ఒక పొద్దుటే. అన్నీ ఉన్నాయి గాని మొర్రి లేదేమని. మొర్రి పండు చిన్నది, పండితే నల్లబడుతుంది, లోపలి గింజ పగలగొడితే సారపప్పు వస్తుంది. మిఠాయిల మీద చల్లే ఆ పప్పుకు దుకాణాల్లో మంచి ధర. మా ఊరి వెనక గుట్ట మీద ఒకప్పుడు అవే చెట్లట. ఇప్పుడు ఆ గుట్ట నిండా వరసలు తీర్చిన జామాయిల్ తోటలే. ఎవరు కొట్టేశారని అడిగాను.

"ఎవలో కొట్టిండ్రంటే అబద్దమైతది పంతులమ్మా. మేమే. పండ్లు దెంపే జాగల కొమ్మ నరికినం, కొమ్మ నరికే జాగల చెట్టు నరికినం. నేను గూడ నరికిన."

తర్వాత అసలు సంగతి చెప్పింది. అవ్వ పెద్దబిడ్డ పన్నెండేళ్లప్పుడు జ్వరంతో చనిపోయింది. దవాఖానాకు మోసుకుపోతుంటే వాగు పొంగి దాటనివ్వలేదు. చనిపోయినవాళ్ల పేరు చెప్పి, ఎండాకాలంలో వచ్చే మామిడి పండుగనాడు అడ్డాకు విస్తళ్లలో కొత్తకాయ పెట్టాకే ఇక్కడ ఎవరైనా మామిడికాయ ముట్టుకుంటారు. ఆ పిల్లకు మొర్రి పండ్లంటే ప్రాణం కాబట్టి దాని ఆకులో అవీ పెట్టేది అవ్వ. కొన్నేళ్లుగా పెట్టలేకపోతోంది.

"అందరికీ ఇష్టమైంది అందుతాంది. దానికే లేదు. అది అడిగితే నేనేం జెప్పాలె?"

మొర్రి మొక్క నాటినా కాయడానికి ఎనిమిదేళ్లో పదేళ్లో పడుతుందని చెప్పాను.

"గప్పటిదాంక నేనుండ. నువ్వుంటవ్ గదా? దాని పేరు జెప్పి గుప్పెడు పెట్టు. చాలు."

పెడతానన్నాను. ఊరికే అనలేదు. నా బతుకులో బడి పిల్లలకు తప్ప ఇంకెవరికీ అంత గట్టిగా మాట ఇచ్చిన గుర్తు లేదు.

సంతకు ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చే ఒకామె దగ్గర తాజా మొర్రి పండ్లు దొరికాయి. సంతలో కొన్నవి బిడ్డ ఆకులో పెట్టనంది అవ్వ, ఈ నేల మీద కాసినవే కావాలట. గుజ్జు కడిగి, పెంకులు రాతితో సుతారంగా చిట్లగొట్టి, మట్టి నింపిన కవర్లలో వేశాను. చాలావరకు కుళ్లిపోయాయి. నాలుగు మొలిచాయి. రెండింటిని చెదలు తిన్నాయి, ఒకదాన్ని మేక తింది. మిగిలిన ఒక్కదాన్ని పెరటి మూలన నాటి చుట్టూ ముళ్లకంచె వేశాను. మొదటి ఎండాకాలం అది పూర్తిగా ఎండిపోతే నేను ఏడ్చినంత పనిచేశాను. వానలు పడగానే మొదలు దగ్గర నుంచి మళ్లీ చిగురేసింది. మొర్రి పిల్లమొక్క స్వభావమే అంత, పైన ఎండినా వేరు బతికుంటే కింది నుంచి లేస్తుందని అవ్వను పిలిచి చూపించి మరీ చెప్పాను. పాఠం చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది? రెండో ఎండాకాలమూ అలాగే గట్టెక్కింది. మూడోది గట్టెక్కితే వేరు లోతుకు దిగుతుందని, ఇక భయం లేదని ఆశపడ్డాను.

ఆ మూడో ఏడు, ఎండలు ముదరకముందే, కంటి ఆపరేషన్ కోసం ఖమ్మం వెళ్లి పదిహేను రోజులు ఉండిపోవాల్సి వచ్చింది. పెరడు తాళం అవ్వకిచ్చి, మొర్రికి రోజూ చెంబెడు నీళ్లు పొయ్యమన్నాను.

తిరిగొచ్చేసరికి అవ్వ చేతిలో కొడవలితోనే గుమ్మంలో ఎదురైంది. రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని సంబరంగా పెరట్లోకి తీసుకెళ్లింది. నేను పెంచుకుంటున్న తునికి పొదలన్నీ నేలమట్టంగా కొట్టి ఉన్నాయి. వాటి పక్కన, ముళ్లకంచె తీసేసి, మొర్రి మొక్క కూడా. మొదలు నున్నగా, మట్టికి సమానంగా తెగి ఉంది. చుట్టూ చెత్త కాల్చిన బూడిద.

"కొమ్మకొట్టుడు జేసిన" అంది. "పైన ఎండుతాంది. కొడితే గట్టిగ లేస్తది."

తునికాకు రాకముందు అడవిలో చేయించే పని అది. పొదలను కింది దాకా కొట్టేసి, ఎండాకులు కాల్చేస్తే, కొత్త ఆకు వెడల్పుగా, లేతగా వస్తుంది. అవ్వ చిన్నతనం నుంచీ ఏటా ఆ కూలికి పోయింది. తునికి వేరు ఎంతకైనా లేస్తుంది. మొర్రి పిల్లమొక్క ఎండకు ఎండితే లేస్తుంది గాని, ఇలా మొదలంటా కొట్టేస్తే లేవదు. కోతకు తోడు మంట కూడా తగిలితే ఆ చిన్న వేరు ఏం తట్టుకుంటుంది?

నా నోరు మంచిది కాదు, నాకు తెలుసు. ఆ రోజు దాన్ని ఆపుకోలేదు. "ఎవరు కొట్టమన్నారు నిన్ను? నీ బిడ్డ కోసం పెంచుతున్న మొక్కను నువ్వే చంపుకున్నావ్ గదే!" అని అరిచాను. ఆ "గదే" కూడా అన్నాను, ఎనభయ్యేళ్ల మనిషిని. ఇప్పటికీ తలుచుకుంటే నోరు కోసుకోవాలనిపిస్తుంది.

అవ్వ చేతిలోని కొడవలి వైపు చూసుకుంది.

"నువ్వే జెప్పినవ్ గదా, పైన పోయినా కింద నుంచి లేస్తదని" అంది మెల్లగా. "ఎండలకు పోతదేమోనని బయమైంది. నాకు ఎరికైన పని గిదే."

నిజమే, చెప్పింది నేనే.

పదిరోజులకు తునికి పొదలు ఎర్రటి చిగుళ్లు వేశాయి, ఎంత బాగున్నాయో చెప్పలేను. వాటిని చూస్తే ఒళ్లు మండేది. ఆ ఏడు మామిడి పండుగకు అవ్వ పిలవలేదు, నేనూ వెళ్లలేదు. వానలు పడ్డాయి. అవ్వ రోజూ వచ్చి మూలన కూర్చుని ఆ మొదలు వైపు చూసేది. ఒకనాడు గోటితో బెరడు గీకి చూశాను. లోపల పచ్చదనం లేదు, గోధుమరంగు పొడి రాలింది. గింజల కోసం సంతకు మళ్లీ మళ్లీ వెళ్లాను. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చే ఆమె రావడం మానేసింది. వేరేవాళ్ల దగ్గర కొన్న గింజలు ఒక్కటీ మొలవలేదు. అవి పాతవట, పప్పు తీయడానికి ఎండబెట్టి నిలవ ఉంచినవట. సరైన గింజ దొరికినా, మరో మూడు ఎండాకాలాలు గట్టెక్కించి, ఆ పైన కాపు దాకా నిలబెట్టేంత ఓపిక నా మోకాళ్లలో లేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మరుసటి ఏడు పండుగకు అవ్వ కబురు పెట్టింది. వాకిట్లో అడ్డాకులు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కో ఆకు ముందూ ఆగి, పేరు చెప్పి, మామిడి ముక్కా ఇప్పపువ్వూ పెడుతోంది. చివరి ఆకు చిన్నది. దాని ముందు చాలాసేపు కోయలో మాట్లాడింది. నాకు అక్కడొకటీ ఇక్కడొకటీ తప్ప అర్థం కాలేదు. తర్వాత నా వైపు ఒకసారి చూసి, నాకు తెలియాలనేమో, తెలుగులోకి వచ్చింది.

"ఇగ మొర్రి పండ్లు రావు బిడ్డా. ఎదురుజూడకు. పంతులమ్మను గూడ అడగకు. పెడతనన్నది, ఆమెతోని గూడ కాలే."