క్వారీ మోతకి పెట్టిన వాచీ

మొన్న మంగళవారం నా పుణ్యమా అని ఒకామె కేసు పోవాల్సింది. పోలేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మిగతాది విన్నాక మీరు నన్ను తిట్టడం ఖాయం, కాస్త తగ్గించి తిడతారని ఆశ.

టైమ్ చూద్దామని ఫోన్ తీస్తే టైమ్ తప్ప లోకంలోని గొడవలన్నీ కనిపిస్తాయి. అరగంట హాం ఫట్! అందుకని సోమవారం పొద్దున్నే పిడుగురాళ్ల వెళ్ళి వాచీ కొన్నాను. షాపాయన ముందు రాళ్ళు పొదిగిన గొలుసులు పరిచాడు. వాటిలో వాచీ ఎక్కడుందో వెతుక్కోవాలి.

"అదివ్వండి," అని ఒక నల్లటి, లావాటి డిజిటల్ వాచీ చూపించాను.

"అది జెంట్స్‌ది మేడమ్."

"మగాళ్ళకి గంటకి అరవై ఒక్క నిమిషాలా?"

ఆయన దాన్ని నేలకేసి కొట్టి చూపించాడు. నీళ్ళ గ్లాసులో ముంచి చూపించాడు. "టిప్పర్ ఎక్కినా ఏం కాదు. తొమ్మిది వందలకి ఇంత గట్టి సరుకు రాదు," అన్నాడు. టైమ్ ఒక్కటే పెట్టివ్వలేదు. అంత దబాయించాక బటన్లు నొక్కడం రాదని చెప్పుకోవడానికి నాకూ నోరు రాలేదు.

మా కాలనీ సున్నపురాయి క్వారీల పక్కనే. రోజూ ఒంటిగంటకి సైరన్, వెంటనే రాళ్ళు పేల్చే మోత. అలమరలో స్టీలు గిన్నెలు గలగలలాడతాయి. మా వీధి గడియారాలన్నీ ఆ మోతకే సర్దుకుంటాయి. ఫోన్ చూడొచ్చుగా అంటారేమో. చూడనని ఒట్టు పెట్టుకుని పూట కూడా కాలేదు! వాచీ డబ్బాలోని చీమ తలకాయంత అక్షరాల కాగితం చదివి, వాచీలో ఒంటిగంట పెట్టి, బటన్ మీద వేలుంచి కూర్చున్నాను. ఆకలి దంచేస్తోంది. పొద్దున్నుంచీ తిరిగాను కదా, అందుకేలే అనుకున్నాను. మోత వినిపించింది. నొక్కాను.

మర్నాడే మా పక్కింటి రూతమ్మ వాయిదా. ఆమె ఆ క్వారీలోనే రాయి మోస్తుంది. మొగుడు ఆమెనీ ఇద్దరు పిల్లల్నీ వదిలేసి పోయాడు. మనోవర్తి కేసు గురజాల కోర్టులో నడుస్తోంది. కూలి పోతుందని రెండు వాయిదాలకి వెళ్ళలేదు. "ఈసారీ రాకపోతే కేసు కొట్టేస్తారు. పదిన్నరకల్లా ఉండాలి," అని లాయరు షకీలా గట్టిగా చెప్పింది. తీసుకొచ్చే పూచీ నాదన్నాను.

పొద్దున్నే రూతమ్మ చీర మార్చుకుని మా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఇస్కూల్ ఆటో పోయింది. ఎనిమిదిన్నర అయినట్టే."

"ఏడూ నలభై అయిదే. ఆటోవాడు తొందరపడ్డాడు. కూర్చో, కాఫీ తాగు."

కాసేపటికి మళ్ళీ. "నీళ్ళ ట్యాంకరు కూడా వచ్చిపోయిందక్కా."

"ముందొచ్చుంటాడు."

"అందరూ ఇయ్యాలే ముందొచ్చారా ఏంది?"

"డిజిటల్ వాచీ రూతమ్మా ఇది! టిప్పర్ ఎక్కినా తప్పు చూపించదు!"

 ఆమె చీర కొంగు నలుపుతూ కూర్చుంది.

తొమ్మిదింటి బస్సుకి పది నిమిషాలు ముందే స్టాపులో ఉన్నాం. వాచీ తొమ్మిదీ పదిహేను చూపిస్తుండగా బస్సొచ్చింది. ఎక్కుతూనే కండక్టర్‌ని అందుకున్నాను.

"పావుగంట లేటేంటండీ? టైమంటే లెక్కలేదా మీకు?"

"లేటేందమ్మా? ఇది పదింటి బస్సు! టికెట్ చూసుకోండి."

ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ చేతిలో పెట్టాడు. దానిమీద అచ్చయిన టైమ్ పది దాటి ఒక నిమిషం. 

రూతమ్మ నా మణికట్టు వంక చూసింది. "దేనికి పెట్టావక్కా దీన్ని?"

"నిన్న క్వారీ మోతకి."

"నిన్నటి మోతకా! అయ్యో అక్కా, నిన్న క్వారీలోకి బర్రె దిగింది గదా! దాన్ని పైకి తోలి రాళ్ళు పేల్చేసరికి పావు తక్కువ రెండయింది. మేమంతా గట్టు మీద కూర్చుని చానా నవ్వుకున్నాం."

ఇప్పుడు మాత్రం నవ్వలేదు. "కేసు పోద్దా అక్కా?" అంది. బ్యాగులో సైలెంట్‌లో పెట్టిన ఫోన్ తీశాను. ఆరు మిస్డ్ కాల్స్, అన్నీ షకీలావే. తిరిగి చేస్తే ఎత్తలేదు. బస్సేమో చెయ్యెత్తిన ప్రతివాళ్ళకీ ఆగుతోంది. గురజాలలో దిగి ఆటో ఎక్కాం, కోర్టు గేటు దగ్గర దిగి పరుగు. రూతమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నాకంటే ముందే మెట్లెక్కింది.

వరండాలో షకీలా ముఖం కందగడ్డలా ఉంది. "ఫోన్ ఎందుకు మేడమ్ మీకు, పూజలో పెట్టుకోడానికా? ఒకసారి పిలిచేశారు! దారిలో ఉన్నారని బతిమాలుకుంటే చివర్లో పిలుస్తామన్నారు."

చివర్లో పిలుస్తారట! ఆ వరండా స్తంభాన్ని కావలించుకోవాలనిపించింది.

పన్నెండింటికి రూతమ్మ బోనెక్కింది. అడిగినవాటికల్లా తడబడకుండా చెప్పింది. అవతలి లాయరు గొంతు పెంచాడు. "మీ ఆయన ఇంట్లోంచి పోయింది ఎన్నింటికి? వాచీ చూశావా?"

"వాచీ నాకెక్కడిదయ్యా? మా అక్కకుంది. అందుకేగా ఇయ్యాల లేటయింది."

జడ్జిగారు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను వెనక బెంచీలో వాచీ మీదికి చీర కొంగు లాక్కున్నాను. రూతమ్మ సాక్ష్యం పూర్తయింది. ఇక కేసు కొట్టేస్తారన్న భయం లేదని షకీలా చెప్పాక గానీ నాకు ఊపిరాడలేదు.

ఆడమనిషి చెబితే ముందు నమ్మండి, రుజువులు తర్వాత అడగండి అని ఇరవై ఏళ్లుగా పత్రికల్లో రాస్తున్నదాన్ని. సభల్లో బల్ల గుద్ది మరీ చెప్పినదాన్ని. ఒకామె మా గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెబితే, ఆమె మాట కొట్టేసి తొమ్మిది వందల ప్లాస్టిక్కుని నమ్మాను!

తిరుగు బస్సులో ప్రాయశ్చిత్తం చేసుకుందామనిపించింది. "ఎంతయి ఉంటుంది రూతమ్మా?" అనడిగాను.

"మాచర్ల బస్సు ఎదురొచ్చింది గదా. రెండుంబావు."

మారు మాట్లాడకుండా రెండుంబావు పెట్టేశాను. ఆమె అటు తిరగ్గానే, నాది సిగ్గులేని చెయ్యి కదా, బ్యాగులోంచి ఫోన్ తీసింది.

రెండూ పదహారు.

ఫోన్ ఒక నిమిషం ఫాస్ట్‌గా ఉందనుకుని లోపల పెట్టేశాను.