మిల్లు గేటు పక్కన గూడు

మొన్న ఒంగోలు నుంచి బస్సులో వస్తుంటే, చిలకలూరిపేట దగ్గర ఉండాల్సిన పాత పత్తి మిల్లు కనిపించలేదు. చదును చేసిన నేల, సున్నం కొట్టిన హద్దురాళ్ళు. అలవాటు కొద్దీ ప్లాట్లు లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాను.

పాడుబడ్డ కట్టడాలు చూడటం నాకో వ్యసనం. ఏ ఊరెళ్ళినా పని ముగిశాక, మూతపడ్డ సినిమా హాలో, పొగాకు ఆకును వేడికి ఆరబెట్టడం మానేసిన బ్యారన్ కొట్టమో వెతుక్కుంటూ పోతాను. నీడను బట్టి గోడ ఎత్తు అంచనా కట్టి, ఇటుకలెన్ని పట్టి ఉంటాయో మనసులో లెక్క వేసుకుంటాను. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు, ఆ లెక్క ఎవరూ అడగరు కూడా. మా అక్క భర్త, అంటే బావ, ఎగతాళి చేసేవాడు: "పెళ్ళికి పిలిస్తే రావు. కూలిపోయే గోడైతే పిలవకపోయినా పోతావు గదరా!"

అలాంటి బావ, రెండేళ్ళ కింద ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక తనే వచ్చి, "ఆ మిల్లుకు తీసుకెళ్ళరా" అన్నాడు. ఒకప్పుడు బావా, అతని తమ్ముడూ అందులోనే పనిచేశారు. మిల్లు అంటుకున్న రోజు తమ్ముడు లోపలే పోయాడు. అతను బీడీ వెలిగించబట్టే అంటుకుందని ఊరంతా అనుకుంది. అప్పటినుంచి బావ చర్చిలో అందరికన్నా వెనక, తలుపు పక్కనే కూర్చుంటాడు.

మేం వెళ్ళేసరికి మిల్లు గేటుకు ఒక రెక్క లేదు. పక్క గోడలో చిన్న గూడు ఉంది. పత్తి ఆడేచోట గాలినిండా దూది నూగే, రవ్వ పడితే అంటుకుంటుంది కాబట్టి, పనివాళ్ళు బీడీలూ అగ్గిపెట్టెలూ ఆ గూట్లో పెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళట. బావ జేబులోంచి ఆ రెండూ తీసి గూట్లో పెట్టాడు. లోపల చూస్తే తుమ్మచెట్లు, పైన ఆకాశం.

"ఇంకేం అంటుకుంటుంది బావా?"

"నోర్మూసుకుని నడువు."

వెనక గోడ పొడుగునా మసి. బావ దాని ముందు నిలబడ్డాడు. "మావాడు ఈ మూల ఉండేవాడు. మోటారు ఆ మూల. ముందు ఎక్కడ అంటుకుందో చూసి చెప్పు."

చాలాసేపు చూశాను. మోటారు వైపు నలుపు ఎక్కువే. కానీ తమ్ముడుండే ఇటువైపు గోడ సగం కూలింది. కప్పు లేక, మిగిలిన సగాన్ని ఏళ్ళ తరబడి వాన కడిగేసింది. మోటారు దగ్గరే అంటే సరిపోయేది. ఆ ఒక్కమాట కోసమే బావ నా మొహంలోకి చూస్తున్నాడు.

"తెలియడం లేదు బావా."

తలూపాడు. "ఆ పొద్దున వాడు నా కళ్ళముందే గూట్లో పెట్టాడ్రా అగ్గిపెట్టె. మంటలారాక పోయి చూస్తే అన్నీ ఒకే రకం పెట్టెలు. ఏది వాడిదని చూపించను?"

"నేను నమ్ముతున్నాను" అన్నాను. అది లెక్క కట్టి అన్న మాట కాదు.

బయటికొస్తూ బీడీలు మాత్రం తీసుకున్నాడు, అగ్గిపెట్టె గూట్లోనే వదిలేశాడు. రోడ్డు మీద టీకొట్టు దగ్గర పక్కాయన్ని, "అగ్గిపెట్టుందా అండీ?" అని అడిగాడు.

మిల్లు లేదని బావకు నేనింకా చెప్పలేదు. ఆ గూడు ఏ ప్లాటులోకి పోయిందో బస్సులోంచి పోల్చుకోలేకపోయాను. కాలం అన్నిటినీ చదును చేస్తుంది గానీ, ఏదీ తేల్చి చెప్పదు.