బావ విమానానికి నేను కట్టిన ఎలాస్టిక్

గాల్లోకి లేవని విమానాన్ని కూల్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నా దగ్గరికి రండి, తీరిగ్గా చూపిస్తాను. ఆ ఘోరం సూరత్‌లో, కోసాడ్ కాలనీలో, మా అక్కావాళ్ల రెండో అంతస్తు ఇంట్లో, పట్టపగలు పదకొండు గంటలకు జరిగింది. అందులో పైలట్ లేడు, ప్రయాణికులు లేరు. అయినా ఆ గదిలో ఉన్న అయిదుగురిలో దెబ్బ తగలనివాళ్లు లేరు.

మాది సిరిసిల్ల వైపు. మా నాన్న కాలంలోనే సూరత్ మగ్గాల మీదికి వచ్చిపడ్డాం. కరోనాలో చీరల మగ్గాలన్నీ ఆగిపోతే, నేను పనిచేసే చిన్న కార్ఖానా మాస్కులకు ఎలాస్టిక్ తయారుచేయడం మొదలుపెట్టింది. నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. ఊరంతా ఖాళీగా కూర్చున్నప్పుడు పని దొరికినవాడి పొగరు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. దేశం ప్రాణాలన్నీ నా ఎలాస్టిక్‌కే వేలాడుతున్నట్టు నడిచేవాణ్ణి. బస్సులో ఎవరి మాస్కు కనబడినా "ఇది మనదేనా" అని చెవి దగ్గర లాగి చూసేవాణ్ణి. ఒకాయన చెంప పగలగొట్టబోయాడు కూడా. అయినా నాకు బుద్ధి రాలేదు.

మా బావ రాజేశం మగ్గాల మెకానిక్. చప్పుడు విని మగ్గం జబ్బేమిటో చెప్పగలడు. అంతటివాడికి కరోనా వచ్చి, ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉండి, బతికి ఇంటికొచ్చాడు గానీ చేతులు వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా తాగేది. వేళ్లకు సన్నపని చెప్పమని డాక్టరు అన్నాడట. అక్క చిక్కుడుకాయల గిన్నె ముందు పెట్టింది. బావ రెండు రోజులు ఒలిచి, మూడో రోజు గిన్నె పక్కకు తోశాడు.

"నేను మెకానిక్‌ను. నాతోని గీ కాయలు ఒలిపిస్తవా?" అన్నాడు. అన్న తరువాత గోడవైపు తిరిగి పడుకున్నాడట. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

అప్పుడు వాళ్ల అమ్మాయి రమ్య, కాలేజీలో చదివేది, ఆన్‌లైన్‌లో ఒక డబ్బా తెప్పించింది. అందులో ప్లాస్టిక్ ముక్కలు. అన్నీ అతికించి రంగులు వేస్తే పాతకాలపు విమానం అవుతుంది, ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలుండేది. మొదటి వారం బావ ఒక చక్రం జారవిడిచి, పొద్దంతా మంచం కింద వెతికాడు. రెండో నెలకు చక్రాలు నిలబడ్డాయి. నాలుగో నెలకు నువ్వుగింజంత మీటకు రంగు వేశాడు. అంతలో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. "నీ చేతులు పనిచేస్తయా?" అని బావ పనిచేసే మగ్గాల యజమాని సేఠ్ ఫోన్లో అనుమానపడితే, "ఆదివారం ఇంటికొచ్చి నా పని చూడుండ్రి" అన్నాడు బావ. అంటే ఆ విమానం ఆయన ఉద్యోగం అన్నమాట.

మిగిలింది రెక్కల మధ్య అడ్డదిడ్డంగా కట్టే తీగలు. తీగల బదులు సాగే దారం కడతారట. సరిగ్గా అక్కడే నేను ప్రవేశించాను, పెళ్లి పందిట్లోకి ఆంబోతులాగా.

"ముంబై నుంచి తెప్పిస్తున్న మామా. వెంట్రుక లెక్క ఉంటది. శనివారం వస్తది," అంది రమ్య.

"సూరత్‌ల కూసొని ముంబై నుంచి దారం తెప్పిస్తవా? సముద్రంల ఉండి ఉప్పు పార్సిల్ తెప్పించుకున్నట్టుంది. క్యాన్సిల్ చెయ్. నేను తెస్త."

"నీది మాస్కులది, మోటుగ ఉంటది మామా. ఏక్‌దమ్ పత్లా, సన్నగ కావాలె."

"మోటుగ ఉంటెనే గట్టిగ ఉంటది. గీ ఎలాస్టిక్ మీదనే దేశం నడుస్తుంది బిడ్డా."

బావ మెల్లగా అన్నాడు. "జర ఆగుదం సీనూ. శనివారం వస్తదంటుంది గదా."

"రాకపోతే? సేఠ్ ముంగట దారాల్లేని విమానం పెడ్తవా?"

బావ ముఖం వాడిపోయింది. భయపడ్డ మనిషిని చూసి గెలిచాననుకున్నాను. రమ్య ఫోన్ తీసి ఆర్డరు రద్దు చేసింది.

కార్ఖానాలో నా బల్ల మీద మూడు రకాల ఎలాస్టిక్ దారాలున్నాయి. ఒకటి సాక్సుల అంచులకు పోయే సన్నది. ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి కొరుక్కోవాలనిపిస్తుంది, దానితో పని నడిచిపోయేది. రెండోది మధ్యరకం. మూడోది మా కొత్త సరుకు, అన్నిటికంటే మందం. మా కార్ఖానా మాలిక్ మెచ్చుకుంటూ నా భుజం తట్టింది దాన్ని చూసే, కాబట్టి దాన్నే తెచ్చాను. కోతికి కొబ్బరికాయ దొరికితే ఏదో ఒక రోజు కొట్టుకు తింటుంది. నాకు ఎలాస్టిక్ దొరికింది.

శనివారం మధ్యాహ్నం బావ తనే కడతానన్నాడు. "నువ్వు జర పండుకో. రేపు సేఠ్ ముంగట చేతులు అలిసినట్టు కనవడొద్దు," అని పడుకోబెట్టాను. మొదటి దారం బిగించి కట్టాను. రెండోది కడితే మొదటిది వదులైంది. మొదటిదాన్ని ఇంకా లాగి కడితే రెండోది వదులైంది. ఇలా ఒకదాన్నొకటి దబాయించుకుంటూ పోయాయి. పడుగు ఎంత బిగువుగా ఉంటే బట్ట అంత మంచిదని మా నాన్న నేర్పాడు. మగ్గం ఇనుముతో చేసిందని ఆయన ప్రత్యేకంగా చెప్పలేదు. తెగేదాకా లాగొద్దంటారు పెద్దలు. ఎలాస్టిక్‌తో చిక్కేమిటంటే, అది తెగదు. దాన్ని కట్టించుకున్నది తెగుతుంది.

అంతా అయ్యాక ఒక దారం మీటితే ఏక్‌తారలా మోగింది. పై రెక్క మాత్రం కొత్త కోడలిలా తల కొంచెం దించుకుంది.

బావ లేచి వచ్చి చాలాసేపు చూశాడు. "రెక్క వంగినట్టుంది గదరా."

"గదే డిజైన్ బావా. గాలి కోసం."

"అట్లనా," అన్నాడు. నమ్మాడు. ఆ నమ్మడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆదివారం సేఠ్ వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి దించి, అక్క ఇచ్చిన చాయ్ అందుకున్నాడు. బావ రెండు చేతులతో విమానం తెచ్చి ఆయన ముందున్న స్టూలు మీద పెట్టాడు. చేతులు వణకలేదు. అక్క తలుపు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. సేఠ్ కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగి, "బఢియా," అని మెచ్చుకున్నాడు.

టిక్ అని చిన్న చప్పుడైంది.

తరువాత టిక్, టిక్. పెనం మీద ఆవాలు చిటపటమన్నట్టు రెక్కల మధ్య నిలబెట్టిన ప్లాస్టిక్ పుల్లలు ఒక్కొక్కటే ఊడాయి. ఒకటి ఎగిరి సేఠ్ చాయ్‌లో పడింది. దారాలన్నీ దగ్గరికి ముడుచుకున్నాయి. నాలుగు నెలల విమానం, కాళ్లు కట్టి సంతకు తీసుకుపోయే కోడిలా స్టూలు మీద పక్కకు ఒరిగింది.

"కిస్‌నే లగాయా యే ధాగా?" అన్నాడు సేఠ్. ఈ దారం ఎవరు కట్టారని.

నా నోరు నన్ను అడగలేదు. "రమ్య తెచ్చింది సేఠ్‌జీ. చిన్నపిల్ల, తెల్వదు," అనేసింది.

రమ్య నావైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

బావ ఎవరివైపూ చూడలేదు. కింద కూర్చుని, చిన్న కత్తెర తీసుకుని, విమానాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో దారాన్నే కత్తిరించడం మొదలుపెట్టాడు. ముందు వేలితో వదులు చేసి, తరువాత కత్తిరించి, రెక్కకు ఊపిరి ఇస్తున్నట్టు. అరగంట పట్టింది. సేఠ్ లేచి పోలేదు. చాయ్‌లోంచి పుల్ల తీసి, రుమాలుతో తుడిచి తనే అందించాడు. ఆఖరి దారం ఊడాక, "రాజేశ్‌భాయ్, రేపటినుంచి పనికి రా," అన్నాడు హిందీలో. అక్క లోపలికి వెళ్లిపోయింది.

గుమ్మం దగ్గర బావ ఒకే ఒక్క మాట అన్నాడు. "సేఠ్‌జీ, గా దారం నా బిడ్డ తెచ్చింది గాదు."

ఎవరు తెచ్చారో చెప్పలేదు. సేఠ్ నావైపు చూశాడు. నేనెక్కడ పనిచేస్తానో ఆయనకు తెలుసు. గడ్డం కిందున్న మాస్కు మెల్లగా విప్పి జేబులో పెట్టుకుని, రుమాలు ముఖానికి కట్టుకుని మెట్లు దిగాడు.

రమ్య ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గరికి వెళ్లాను. "తప్పయింది బిడ్డా."

"విమానం గురించా మామా, నా పేరు చెప్పినందుకా?"

"రెండిటికీ."

"విమానం నాయిన మళ్ల అతికిస్తడు," అంది. అని పుస్తకం తీసుకుంది.

అతికించాడు. రెక్క వంపు మాత్రం పోలేదు. రమ్య ఇప్పటికీ నాతో బాగానే మాట్లాడుతుంది. కానీ ఏదైనా కొనేముందు నాకు చెప్పడం మానేసింది.

కాబట్టి పెద్దలారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో నేనిక దేన్నీ బిగించి కట్టను. లుంగీ కూడా వదులుగానే కడతాను. అది నలుగురిలో జారిపోయి, ఎవరు కట్టారిట్లా అని ఎవరైనా అడిగితే, రెండు చేతులూ పైకెత్తి, నేనే కట్టానని చెబుతాను.