నేను కట్టిన చీటీలు

ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. పనిలో పడితే మరిచిపోయినట్టే ఉంటాను. మళ్లీ ఎవరింట్లోనో బల్బు మార్చడానికి ఎవరో స్టూలు ఎక్కుతారు, నాకు అంతా గుర్తొస్తుంది. నేను చేసింది మోసమా, దొంగతనమా, అంతకంటే పెద్దదా? దానికి పేరు పెట్టడం నాకు చేతకాలేదు. జరిగింది చెబుతాను, మీరే పెట్టండి.

తొంభైల మధ్యలో నేను అశోక్ నగర్ హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలు రాసేవాణ్ని. రెండుసార్లు పోయాయి. మూడోసారి పుస్తకం పట్టే ముఖం లేక, చిక్కడపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంటులో కరెంటు పనికి చేరాను. అక్కడ పరిచయమయ్యాడు యాదన్న. పాలమూరు మనిషి, అంబర్‌పేట బస్తీలో పెళ్లాం పిల్లలతో ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. చదువు రాదు. గోడ మీద తట్టి లోపల పైపు ఎటు పోతోందో చెప్పేవాడు. తీగ చివర ఒలవడం దగ్గర నుంచి పనంతా నాకు ఆయనే నేర్పాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే ఇప్పుడు నాకు కొంచెం సులువుగా ఉండేది.

నగరమంతా అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులు. పర్మిట్ లేనివాళ్లతో పని చేయిస్తే కనెక్షన్ దగ్గర పేచీ వస్తోందని, మా కాంట్రాక్టరు మా ఇద్దరినీ వైర్‌మన్ పరీక్షకు వెళ్లమన్నాడు. పాసైనవాళ్లకే నారాయణగూడలో కొత్త బిల్డింగు పని అన్నాడు. మూడు నెలల పాటు సాయంత్రాలు టీ కొట్టు బెంచీ మీద కూర్చుని నేను గైడు చదివేవాణ్ని, యాదన్న విని ఒప్పజెప్పేవాడు. పరీక్షలో నోటి ప్రశ్నలకు నాకంటే ఆయనే బాగా చెప్పాడు.

తర్వాత చేతిపని. ఒక్కొక్కరికీ ఒక చెక్క బోర్డు, ఒక స్విచ్, బల్బు హోల్డర్, కాసిని తీగలు. అందరం బిగించి బోర్డులు గోడకు ఆనించాం. పనిముట్లు తీసేసుకున్నారు. పరీక్షించే సారు భోజనానికి వెళ్లాడు. అక్కడి గుమాస్తా నా చేతిరాత బాగుందని, నంబర్ల చీటీలు రాసి ఎవరి బోర్డుకు వాళ్లవి కట్టమని నాకు అప్పజెప్పాడు. ఒక్కొక్కరూ తమ బోర్డు చూపించి బయటికి పోయారు.

"నాది గూడ జర నువ్వే కట్టు తమ్మీ" అని యాదన్న కూడా వెళ్లిపోయాడు.

మా ఇద్దరివీ చివర్లో పక్కపక్కనే ఉన్నాయి. అప్పుడు చూశాను నా బోర్డు. స్విచ్‌కు కరెంటు వచ్చే ఎర్ర తీగ ఇవ్వాలి. నేను కరెంటు తిరిగి పోయే నల్లది ఇచ్చాను. అలా ఇచ్చినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది, పైకేమీ తెలియదు. కానీ స్విచ్ ఆర్పాక కూడా హోల్డర్లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయిన మనిషి ప్రాణం పోవచ్చు. యాదన్న మొదటి వారంలోనే నేర్పిన సంగతి అది. విప్పి సరిచేద్దామంటే చేతిలో స్క్రూడ్రైవర్ లేదు. చీటీలు మాత్రమే ఉన్నాయి. ఎంతసేపు ఆలోచించాను? చాలాసేపు అని చెప్పుకుంటే నాకు కొంచెం గౌరవంగా ఉంటుంది, కానీ అసలు ఆలోచించనే లేదు. నా నంబరు ఆయన బోర్డుకు కట్టాను. ఆయన నంబరు నా బోర్డుకు కట్టాను. పనిమంతుడు, మళ్లీసారి పాసవుతాడులే అన్న సమాధానం ఆ తర్వాత వెతుక్కున్నది.

సాయంత్రం గుమాస్తా ఫలితాలు చదివాడు. నేను పాస్. యాదన్న పేరు దగ్గర ఆగి, స్విచ్‌కు నల్ల తీగ ఇచ్చినవాడివి, ఎంతమంది ఇళ్లలో ఇలా చేశావో అన్నాడు. నలుగురు నవ్వారు. యాదన్న వాదించలేదు. బోర్డు చూపించమని కూడా అడగలేదు. ఆఫీసులో చెప్పారంటే నిజమే అయి ఉంటుందనుకునే మనిషి.

తిరిగి వస్తూ నన్ను అడిగాడు. "నిజంగనే గట్ల ఇచ్చిన్నా తమ్మీ?"

"తొందరల అయ్యుంటది అన్నా. మళ్లసారి పాసైతవ్ తీయ్" అన్నాను.

"నాకు తెల్వకుంటనే అయిందంటే, ఇంతకుముందు గూడ అయ్యుంటది గద. పిల్లలున్న ఇండ్లు గవన్ని."

ఆ ఆదివారం నుంచి ఆయన తాను పనిచేసిన ఇళ్లకు తిరగడం మొదలుపెట్టాడు. చిక్కడపల్లి సందులు, అశోక్ నగర్, హిమాయత్‌నగర్‌లో రెండు ఇళ్లు. "జర స్విచ్చులు సూసి పోతనమ్మా" అని తలుపు దగ్గర నిలబడి బతిమాలేవాడు. కొందరు లోపలికి రానిచ్చారు, కొందరు అనుమానపడి నాలుగుసార్లు తిప్పించుకున్నారు. నేను వెంట వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను. ఎందుకు వెళ్లాను? ఆయన మీద జాలితోనా, నా గుట్టు బయటపడుతుందన్న భయంతోనా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ప్రతి బోర్డూ విప్పి టెస్టర్ పెట్టి చూశాడు. ఒక్కటీ తప్పు లేదు. ఈ ఇంట్లో చెప్పేద్దాం అనుకునేవాణ్ని, అంతలోనే వచ్చే ఇంట్లో చెబుదాం అనుకునేవాణ్ని. అలాగే ఇళ్లన్నీ అయిపోయాయి.

చివరి ఇంటి మెట్లు దిగుతూ అన్నాడు. "అన్ని మంచిగనే ఉన్నయ్ తమ్మీ. అంటే చెయ్యి ఇప్పుడే చెడ్డది. ఇంక నేను కరెంటు ముట్ట."

అది విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. నా మీద అనుమానం రాలేదు కదా అని ప్రాణం కుదుటపడింది. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

మరునాటి నుంచి ఆయన స్లాబుల దగ్గర కంకర తట్టలు మోశాడు. నారాయణగూడ పని నాకు వచ్చింది, తర్వాత సొంత లైసెన్సూ వచ్చింది. చాలా ఏళ్లకు ధైర్యం చేసి అంబర్‌పేట వెళ్తే, ఖాళీ చేసి ఎటో పోయారన్నారు ఇరుగుపొరుగు. ఉన్నాడో లేడో తెలియదు. మీరు క్షమించినా నాకు ఉపయోగం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఆయన వినాల్సిన మాట కనీసం ఒకరైనా వింటే నాకు కాస్త ఊపిరాడుతుంది, అంతే. యాదన్న చెయ్యి చెడలేదు. ఆ రోజు ఆయన బోర్డులో ఎర్ర తీగ స్విచ్‌కే ఉంది.