అక్క దగ్గు

మొన్న నస్పూర్‌లో మా పక్కింటామె దగ్గి దగ్గి మెట్ల మీద కూలబడితే, చుట్టూ చేరినవాళ్ళు బొగ్గు దుమ్మేలే అని తేలిగ్గా తీసేశారు. నాకు మాత్రం గోదావరిఖనిలో ఉండిన మా పెద్దక్క గుర్తొచ్చి, పక్కింటామెను పట్టుబట్టి దవాఖానకు పంపించాను.

మా బావ బొగ్గు గనిలోకి దిగే మనిషి కనుక ఆ ఇంట్లో దగ్గు వినిపిస్తే అందరి చూపూ ఆయన మీదికే పోయేది. గని ముఖం చూడని, బీడీ ముట్టని అక్క దగ్గును ఎవరూ పట్టించుకోలేదు, చివరికి అక్క కూడా. రక్తపు చార కనబడ్డాక అందరం టీబీ అనుకున్నాం గాని, కఫం పరీక్షలో అది తేలలేదు. స్కానింగులో కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాకే క్యాన్సరని ఖాయమైంది.

హైదరాబాదు దవాఖానలో బావ డాక్టరును పక్కకు పిలిచి, ఆమెకు జబ్బు పేరు చెప్పవద్దని బతిమాలుకుంటుంటే, అక్క వినేసింది.

"రోగం నాది గదా సారూ, నాకే చెప్పున్రి. ఏం దాస్తున్నరో అని ఫికర్ జేసుడు నాతోని గాదు."

డాక్టరు ఆమెను కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పాడట. ఒళ్ళంతా స్కాన్ తీశాక నేను చూడబోతే, అక్కే నాకు ధైర్యం చెప్పింది.

"స్టేజీ అంటే ఎన్ని దినాలు బతుకుతమని గాదు చెల్లే, అది యాడిదాక పాకిందని. నాది ఛాతి నడుమ గ్రంథులదాక పోయింది, బొక్కలకు, మెదడుకు పోలే. అందుకే ఆపరేషన్ వద్దన్నరు. మందులెక్కిస్తరట, కరెంటు పెడతరట, గదే రేడియేషన్."

ఆ నెలల్లో గొంతు మంటతో ఆమె మెతుకు మింగలేకపోతే, ఎన్నడూ వంటింట్లోకి రాని బావ డ్యూటీ దిగి వచ్చి జావ కాచేవాడు. చూడవచ్చినవాళ్ళకు అక్క జబ్బు పేరు దాచేది కాదు. అంటుకుంటుందేమోనని దూరం జరిగినవాళ్ళను, "అంటేది గాదు, కూసోన్రి" అని దగ్గరికి పిలిచేది. గడ్డ తగ్గింది. కొన్నేళ్ళు మాకు మా అక్క మిగిలింది. తర్వాత అది మెదడుకు పాకింది, ఆమె వెళ్ళిపోయింది.

బీడీ తాగని మనిషికి ఇదెందుకు వచ్చిందని అడిగితే, వంటపొయ్యి పొగ కూడా ఒక కారణం కావచ్చు, కచ్చితంగా చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ రోజుల్లో తెల్లవారితే గని క్వార్టర్ల వాకిళ్ళన్నీ బొగ్గుల పొయ్యిల పొగే; పొయ్యి అంటుకునేదాకా అక్కతో పాటు ఆడవాళ్ళమంతా దాని చుట్టూ చేరి ఊళ్ళోని ముచ్చట్లన్నీ చెప్పుకొని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఇంటింటా గ్యాస్ వచ్చింది, వాకిళ్ళు శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. మంచిదే అయింది. కానీ ఎక్కడైనా ఆ పొగ వాసన తగిలితే మొదట అక్క నవ్వే గుర్తొస్తుంది. ఆ వాసనను అసహ్యించుకోవడం నాకింకా చేతకాలేదు.