నా పెనిమిటి అనని మాట

"నా సెప్పులు మంచం కిందనే ఉన్నయా సూడు. ఎవడన్న ఏసుకపోతడు."

"ఎవడేసుకపోతడయ్యా, గా అరిగిన సెప్పులు! కండ్లు మూసుకొని పండుకో."

సూర్యాపేట దవాఖానలో నా పెనిమిటికీ నాకూ జరిగిన ఆఖరి మాటలు ఇవే. నేను కిందికి పోయి చాయ్ తాగి వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. కాపురం చేసినన్నాళ్లూ నా మాట ఒక్కటి వినని మనిషి ఆ ఒక్కటి విన్నాడు.

ఆయన మార్కెట్లో ధాన్యం బస్తాలు మోసే హమాలీ. నేను ముప్పై ఏళ్లుగా చర్చికి పోతున్నా ఆయన ఏనాడూ గేటు దాటి లోపలికి రాలేదు. బయటే బీడీ కాల్చుకుంటూ నిలబడి, "మీ పాస్టరు ఆమెన్ అన్నడా? ఆకలైతంది, నడువ్" అనేవాడు.

చావు జరిగిన ఇంట్లో మావాళ్లు ఆదరణ కూడిక పెడతారు. పాటలు, వాక్యం, చివర్లో భోజనం. ఆ కూడికలో మా పాస్టరు మైకులోనే అడిగాడు: "అమ్మా, ఆఖరి గడియల ప్రభువును తల్సుకున్నడా?"

అంతమంది ముందు చెప్పుల సంగతి ఎలా చెప్పేది? తల ఊపాను. ఒక్కసారే. హల్లెలూయా అని పందిరి లేచిపోయేలా అరిచారు.

నా తప్పు దాచను, నాకూ తియ్యగానే ఉంది. ఆ మాట నిజమైతే ఆయన పరలోకంలో ఉన్నట్టే. ఆఖరి మాటకు ఆయన్ను కసురుకున్నదాన్ని నేను కానట్టే. కల్లు మానినవాళ్లను చూశాను. ఈ తియ్యదనం మానినవాళ్లను మాత్రం చూడలేదు.

తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. ఊపిన తల కాస్తా "ప్రభువా" అనే మాట అయింది. అక్కడి నుంచి కోదాడకు పిలిచారు. అక్కడి పాస్టరు నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"అమ్మగారూ, ఆయన చేతులు కూడా ఎత్తారని చెప్పండి. జనానికి గట్టిగా తగులుద్ది."

"సెలైన్ సూది ఉండెనయ్యా చేతికి."

"రెండో చెయ్యి ఖాళీయేగా అమ్మా!"

స్టేజీ ఎక్కాక రెండు చేతులూ లేచాయి. బస్తా ఎత్తడానికి తప్ప ఎన్నడూ చేతులెత్తని మనిషి, చచ్చాక కోదాడలో ఎత్తాడు.

అప్పటిదాకా చర్చిలో నా చోటు వెనక గోడ దగ్గర. ఇప్పుడు ముందు వరసలో చేతుల కుర్చీ, కూల్‌డ్రింకు, తెల్ల చీర. పొద్దున్నే ఎదురొస్తే అపశకునమని జనం తప్పుకుపోయే ముండమోపి ముఖం ఇది. మిర్యాలగూడ సభలకు ఇదే ముఖాన్ని ఫ్లెక్సీ మీద నిలువెత్తున వేశారు. పరలోకంలో కుర్చీలు ఎలా ఉంటాయో తెలియదు గానీ ఇక్కడి కుర్చీ మెత్తగానే ఉంది.

మిర్యాలగూడలో నా వంతు రాకముందు ఒకామె వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. వాడపల్లి నుంచి వచ్చిందట, చిన్న వయసు.

"అక్కా, నీ పెనిమిటి పుణ్యాత్ముడు. మా ఆయన ఏమనలే. మంచినీళ్లడిగిండు, తాగిండు, పోయిండు. ఇగ నరకానికే పోయిండు గదా?"

నా అబద్ధం నా మొగుణ్ని పరలోకానికి ఎక్కించిందో లేదో తెలియదు. ఆమె మొగుణ్ని మాత్రం నరకంలోకి తోసింది.

పందిరి వెనక వంటవాళ్ల అన్నం గంజుల మధ్యకు పోయి మోకాళ్లేశాను. పాస్టర్లలా దంచి ప్రార్థన చేయడం నాకు రాదు. "యేసయ్యా, నిజం చెప్తే ఈళ్లంత నన్ను ఇడ్సిపెడ్తరు. నువ్వొక్కనివి ఇడ్వకు, గంతే" అన్నాను. దర్శనం రాలేదు, వెలుగు రాలేదు. బిర్యానీ వాసన వచ్చింది. కానీ లేచి, కొంగు దులుపుకుని నేరుగా స్టేజీ వైపు నడిచాను. అబద్ధ సాక్ష్యం పలకొద్దని చిన్నపిల్లలకు బెల్లం పెట్టి మరీ నేర్పిస్తాం. నాకది ఆ గంజుల మధ్య వంట పట్టింది.

స్టేజీ ఎక్కాను. కీబోర్డు వాయించేవాడు ఏడుపు రాగం ఎత్తుకున్నాడు.

"మా ఆయన ప్రభువును తల్సుకోలే," అన్నాను. "సెప్పులున్నయా అని అడిగిండు. నేను కసురుకున్న. ఇన్ని దినాలు నేను సెప్పిందంత అబద్ధం. ఆయన ఏడున్నడో నాకెర్కలే, దేవునికి ఎర్క. దయ సూపెట్టనీకి దేవునికి నా అబద్ధం అక్కర్లే."

కీబోర్డు టక్కున ఆగింది. మైకు నా చేతిలోంచి పోయింది. "అమ్మ దుఃఖంలో ఉంది, సాతాను శోధిస్తున్నాడు, ప్రార్థన చేద్దాం!" అన్నాడు సభల పెద్ద. సాతాను శోధించిన మాట నిజమే. వాడు నన్ను మూడు ఊళ్లు తిప్పి, కుర్చీ వేసి, చీర పెట్టాడు. అదంతా అప్పుడే అయిపోయిందని పెద్దకు తెలియలేదు, పాపం.

కారులో తీసుకొచ్చినవాళ్లకు తిరుగు ప్రయాణంలో చోటు లేదట. వాడపల్లి ఆమే బస్టాండు దాకా నాతో నడిచింది. "గంతేనా అక్కా? నిజంగనే సెప్పులేనా?" అని అడిగి కిసుక్కున నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. బస్సు వచ్చినా వదల్లేదు.

ఇంటికొచ్చాక నా సంగతి వేరు. ఆ అబద్ధం పోయేసరికి మా ఆయన రెండోసారి చచ్చినట్టయింది. ఈసారి మాత్రం సరిగ్గా ఏడ్చాను. ఇప్పుడు నన్ను ఎవరూ పిలవరు. ఆదివారం పోయి గోడ దగ్గర కూర్చుంటాను. ప్రార్థన చేస్తే అది పైకప్పుకు తగిలి కిందపడుతున్నట్టు ఉండటం లేదు, అది చాలు.

చర్చి వార్షికోత్సవం పుస్తకంలోకి నా పాత సాక్ష్యమే తాను రాసిస్తానన్నాడు మా పాస్టరు, "అదే బాగుండె గదమ్మా" అని. వద్దని నా మేనకోడలిని కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. నాకు సంతకం తప్ప రాదు.

అయ్యింది బిడ్డా, ఇగ సదువు. కాలేజీ సదువు సదివినదానివి, అందంగ ఉంటదని నడుమల ఏమన్న కలిపినవేమో. మొదటికెల్లి సదువు, నేను ఇంట.