వేలు పట్టేంత సందు

ఆ రోజుల్లో మేడ్చల్‌లో ఖాలిక్ సాబ్ పిండి గిర్నీ ముందు నుంచి సైకిల్ మీద ఆగకుండా పోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆయన ఆపేవాడు. ఆపి, వంగి, వెనక టైరుకూ ఫ్రేముకూ మధ్య తన కుడిచేతి చిటికెన వేలు దూర్చేవాడు. వేలు దూరితే "పట్టింది, పో!" అనేవాడు. దూరకపోతే "పట్టలే!" అని బజారంతా వినబడేలా అరిచేవాడు. ఇక ఆ సైకిల్ మనిషి ఆ పూట చేయాల్సిన పనులన్నీ మరచిపోవలసిందే.

గిర్నీలో గోధుమలూ జొన్నలూ పట్టి పట్టి ఆయన జుట్టు నుంచి చెప్పుల దాకా తెల్లగా ఉండేవాడు. ఆ ఒక్క వేలు మాత్రం టైర్ల మురికితో నల్లగా, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుండేది.

ఆయన భార్య జహేదాకు ఈ వేలి సంగతి పెళ్ళైన కొత్తలోనే తెలియాల్సింది. అల్వాల్‌లో గాజులు కొనిస్తూ, ఒక్కో గాజుకూ ఆమె మణికట్టుకూ మధ్య వేలు పెట్టి చూశాడు. ఎంత ప్రేమ అనుకుని ఆమె మురిసిపోయింది. బయటికి రాగానే షాపు గోడకు ఆనించి ఉన్న సైకిల్‌కు కూడా అదే వేలు, అదే శ్రద్ధతో పెట్టాడు. అప్పుడు ఆమె కొంచెం ఆలోచనలో పడింది.

"అజీ, నీకెందుకు గీ పంచాయితీ? నీది సైకిల్ షాపా?" అని అడిగేది.

"గిర్నీల రాయికి రాయికి నడుమ సందు లేకుంటే ఏమైతది? పిండిల ఇసుక వస్తది. టైరుకు ఫ్రేముకు నడుమ సందు లేకుంటే? బురద ఇరుక్కుంటది, రంగు పోతది, ఆఖరుకు ఫ్రేమే అరిగిపోతది. లెక్క ఒక్కటే జహేదా. ఏదీ దేనికీ రుద్దుకోవద్దు."

ఆ రుద్దుకునే చప్పుడు ఆయన చెవికి ఎంత దూరాన్నుంచైనా అందేది. అన్నం ముందు కూర్చుని నోట్లో ముద్ద పెట్టుకున్నవాడు ఠక్కున ఆగిపోయి, "ఎవరిదో రుద్దుకుంటాంది!" అంటూ ఎంగిలి చేత్తోనే రోడ్డు మీదికి పరుగెత్తేవాడు. బేరాలకూ దెబ్బే. ఒకసారి పార్వతీదేవి అనే ఆవిడ గోధుమల డబ్బా ఇచ్చి కూర్చుంది. బయట నుంచి "పట్టలే! పట్టలే!" అని కేక వినబడింది. తన పిండి పట్టలేదనుకుని ఆమె డబ్బా ఎత్తుకుని ఇంకో గిర్నీకి వెళ్ళిపోయింది. ఆ డబ్బాలో ఉన్నది అప్పటికే పట్టిన పిండి. అక్కడివాళ్ళు దాన్ని మళ్ళీ పట్టారు. ఆ రోజు చేసిన రొట్టెలు గాలికి ఎగిరిపోయాయని ఆమె చాలాకాలం చెప్పుకుంది.

ఇంతలో లావు టైర్ల ఫ్యాషన్ వచ్చిపడింది. శామీర్‌పేట చెరువు దాకా ఆదివారాలు గేరు సైకిళ్ళ మీద పోయే కుర్రకారు, సైకిల్‌తో వచ్చిన టైర్లు తీసేసి, ఎద్దు మెడంత లావు టైర్లు వేయించుకోవడం మొదలుపెట్టారు. ఖాలిక్ సాబ్‌కు అది పండగ సీజను.

పేట్ బషీరాబాద్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సుజిత్‌ను ఆయన అలాగే ఆపాడు. వేలు పెట్టాడు. పట్టింది. కానీ ఆయనకు తృప్తి కలగలేదు.

"గిట్ల కాదు. పెడల్ మీద లేసి నిలబడు. గుట్ట ఎక్కుతున్నట్టు తొక్కు."

"వేలు తీయండి అంకుల్."

"వేలు తీస్తే ఎట్ల తెలుస్తది? తొక్కు!"

సుజిత్ లేచి తొక్కాడు. చక్రం ఓ పక్కకు ఒరిగి గిర్రున తిరగబోయి ఆగింది. వేలు ఇరుక్కుంది. అరనిమిషంలో బజారంతా పోగైంది. జహేదా వంటింట్లోంచి నూనె సీసాతో పరుగెత్తుకొచ్చింది.

"నూనె వద్దు! నూనె తగిలితే టైరు పాడైతది!" అని ఆయన కేక పెట్టాడు.

"నీ వేలు పాడైతాంది కదా పరేషాన్ మనిషీ!"

చివరికి ఆమే వంగి టైరులో గాలి తీసేసింది. టైరు సన్నబడింది, వేలు బయటపడింది. అప్పటికది వంకాయలా ఉబ్బింది. ఖాలిక్ సాబ్ దాన్ని జెండాలా పైకెత్తి అందరికీ చూపించాడు. "చూసిన్రా? పట్టలే!"

ఈ దెబ్బతో సుజిత్ ఆయనకు స్నేహితుడైపోయాడు. "మా వాళ్ళందరూ తీసేసిన టైర్లు కొత్తవే బాల్కనీల్లో పడున్నాయి అంకుల్, మీకేమైనా పనికొస్తాయా?" అన్నాడు. పనికొస్తాయా అని అడగాలా? సుజిత్ మర్నాడే మోపు కట్టి తెచ్చి గిర్నీ వెనక గదిలో పడేశాడు.

సరిగ్గా ఆ గది కోసమే జహేదా ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది. అందులో కారం పట్టే మిషన్ పెట్టుకోవాలని, తనదంటూ ఒక పని ఉండాలని ఆమె ఆశ. అందులో అప్పటికే పాత టైర్లు మెడ దాకా ఉన్నాయి. ఏమిటవి అంటే, "గిర్నీ అదరకుండ కిందికి వేయనీకి" అనేవాడు. గిర్నీకి ఉన్నవి నాలుగు కాళ్ళు. టైర్లు మాత్రం నాలుగు రైళ్ళకు సరిపోయేటన్ని.

"వానాకాలం అయిపోయేలోపు ఖాళీ చేస్త. జబాన్ ఇస్తున్న," అన్నాడు ఆయన. మాట తప్పే మనిషి కాడు కాబట్టి ఆమె నమ్మింది.

ఆ వానాకాలంలోనే రేషన్ షాపు గొడవ జరిగింది. డీలర్ రాజారావు మిషన్ ముందుకు తోసి బొటనవేలు పెట్టమన్నాడు. మిషన్ కుయ్యిమంది. ఖాలిక్ సాబ్ వేలు తుడిచి పెట్టాడు. మళ్ళీ కుయ్యిమంది.

"పడ్తలేదు ఖాలిక్ భాయ్. ఏంది గీ నలుపు? నీది చిటికెన వేలు కదా నల్లగుండేది?"

వరుసంతా నవ్వింది. జహేదా మాత్రం నవ్వలేదు. ఆమె మొగుడి బొటనవేలిని చాలాసేపు చూసింది. సైకిళ్ళకు పెట్టేది చిటికెన వేలు. మరి ఈ బొటనవేలు ఎక్కడ పెడుతున్నాడు?

ఆ సాయంత్రమే జవాబు దొరికింది. కండ్లకోయలో ఓ ఆఫీసు దగ్గర వాచ్‌మన్‌గా పనిచేసే ప్రభుదాసు తన పాత గేరు సైకిల్ మీద వచ్చాడు. చర్చిలో పెద్ద మనిషి. ఎవరి దగ్గరా గ్లాసు మంచినీళ్ళు కూడా ఊరికే తాగని మనిషి. ఆయన టైర్లు అరిగి నున్నగా అయిపోయాయి. క్రితం వారమే వానలో హైవే మీద జారి, లారీ పక్కనే పడి లేచాడని జహేదా కూడా విన్నది.

ఆమె కిటికీలోంచి చూస్తోంది. ఖాలిక్ సాబ్ ముందు చక్రం దగ్గర కూర్చుని, అటూ ఇటూ చూసి, చిటికెన వేలు మడిచి బొటనవేలు దూర్చాడు. ఆ వేలు ఏనుగు కాళ్ళ మధ్య కూడా పట్టదు.

"పట్టలే దాసన్నా! టైరు లావైంది. తీసెయ్యాలె. నాకు గిర్నీ కిందికి గసోంటివే కావాలె, ఇది నాకియ్యి. నా దగ్గర సన్నది ఒకటి ఊకె పడున్నది, వేసుకో. వెనకది శుక్రారం చూద్దాం."

అరిగిపోయిన టైరు ఎక్కడైనా లావవుతుందా? ప్రభుదాసు రోడ్డు మీది లారీలను చూస్తూ నిలబడ్డాడు. కొత్త టైరు పడింది. పాతది వెనక గదిలోకి వెళ్ళింది.

"అబద్ధం ఆడినవ్," అంది జహేదా, అతను వెళ్ళాక. "అదీ సందు విషయంల!"

ఖాలిక్ సాబ్ తల గోక్కున్నాడు. "ఊకె ఇస్తే తీసుకుంటడా జహేదా? నేను ఇచ్చిన, ఆయన తీసుకున్నడు అంటే ఆయన మనసుకు రుద్దుకుంటది. నడుమ కొంచెం సందు ఉండాలె." మళ్ళీ తనే అన్నాడు: "నీకిచ్చిన మాట యాదికున్నది. శుక్రారమే పాత సామాన్లు కొనే కబాడీ ఆయనను పిలువు. అన్నీ తీస్కపోనీ."

జహేదాకు ఆ మనిషి మీద కోపం రావాల్సిన చోట ప్రేమ వచ్చింది. అది కనబడకుండా గిన్నెలు గట్టిగా చప్పుడు చేసింది. కానీ కబాడీ అతనికి కబురు మాత్రం పంపింది. కారం మిషన్ కూడా ప్రేమలాంటిదే కదా.

శుక్రవారం ఖాలిక్ సాబ్‌కు జ్వరం. లోపల దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వాన పడుతోంది. కబాడీ అతను తక్కెడతో వచ్చి నిలబడ్డాడు. అదే సమయానికి ప్రభుదాసు కూడా సైకిల్ దిగాడు.

"ఖాలిక్ భాయ్ లేడా భాబీ? వెనక చక్రం చూస్త అన్నడు."

తక్కెడ చూస్తే, గిర్నీ కిందికి కావాలన్న టైర్లు తూకానికి పోతున్నాయని ప్రభుదాసుకు తెలిసిపోతుంది. మళ్ళీ జన్మలో ఈ గడప తొక్కడు. ఆ నున్నటి టైరు మీదే వానలో హైవే ఎక్కుతాడు.

"ఈయన గిర్నీ రాళ్ళు తూకం వేయనీకి వచ్చిండు," అంది జహేదా. కబాడీ అతను నోరు తెరవబోయాడు. "నువ్వు పోయి చాయ్ తాగి రా భయ్యా. జల్దీ ఏం లేదు, రెండు చాయ్‌లు తాగు!"

అతన్ని సాగనంపి ఆమె చక్రం దగ్గర కూర్చుంది. చిటికెన వేలు పెట్టింది. వేలితోపాటు గాజులు కూడా పట్టేటట్టున్నాయి. ప్రభుదాసు అప్పటికే రోడ్డు వైపు తిరిగి లారీలు చూస్తున్నాడు. జహేదా చిటికెన వేలు మడిచి, బొటనవేలు గట్టిగా అదిమింది.

"పట్టలే దాసన్నా!" అంది, మొగుడికంటే గట్టిగా.

లోపల దుప్పటి కదిలింది. "ఏ వేలు పెట్టినవ్?"

"నువ్వు పెట్టే వేలే!"

దుప్పటి కింద నుంచి దగ్గు వినబడింది. అది నవ్వని ఆమెకు తెలుసు.

చాయ్‌లు తాగి వచ్చిన కబాడీ అతనికి నున్నటి టైర్లన్నీ వెళ్ళిపోయాయి. కొత్తవి గోడకు వేలాడదీశారు. కారం మిషన్ వచ్చింది. దానికీ టైర్లకూ మధ్య ఖాలిక్ సాబ్ వేలు పెట్టి చూశాడని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మేడ్చల్‌లో పిండి ప్యాకెట్లలో వస్తోంది. గిర్నీ నడిచేది ఓ పూటే. కారం మిషన్ మాత్రం ఇంకా ఘాటుగానే తిరుగుతోంది. పాతవాళ్ళు అటు వెళ్తే ఒక్క తుమ్ము తుమ్మి ఆ రోజులు తలుచుకుంటారు, రాజారావైతే మరీను. కారం మిషన్ వచ్చిన తర్వాతి నెల రేషన్ షాపులో జహేదా బొటనవేలు పెట్టగానే మిషన్ కుయ్యిమంది. రాజారావు ఆమె వేలు చూశాడు, పక్కనున్న ఆయన వేలు చూశాడు.

"ఇంటిల్లిపాదిదీ పట్టలే!" అన్నాడు.